ఓటీపీ చెప్పు నాన్నా!

*అమ్మకు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునేది కూతురు. నాన్న రక్తపరీక్ష రిపోర్టు ముందుగా చూసేది కొడుకు. అత్తగారి మందులు తెప్పించేది కోడలు. ఒకరి ఆరోగ్యం ఇంకొకరి ఫోన్‌లోకి చేరిపోయింది. ఈ పనిని అందరూ చేస్తున్నారు, ఎలా చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.*

ఉదయం ఎనిమిది కావస్తోంది. పిళ్ళైచావడిలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు నుంచి సముద్రం వైపు దిగే సందులో ఒక మేడగది. కింద చేపల బుట్టలు దించుకుంటూ ఆడవాళ్లు తమిళంలో బేరాలాడుతున్నారు. పైన ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని గోదావరి యాసలో ఫోన్‌లో అరుస్తోంది. చెవి దగ్గర ఒక ఫోను, ఒళ్లో లాప్‌టాప్.

"నాన్నా, ఇప్పుడే మెసేజ్ వచ్చుంటది చూడు. అందులో అంకెలు చదువు."

"ఏ మెసేజే? కరెంటు బిల్లుదా?"

"కాదు నాన్నా, దాని పైది. ఆరంకెలుంటాయి."

"ఉండవే, మీ అమ్మ నా కళ్లజోడు ఎక్కడెట్టిందో..."

తెర మీద సెకన్లు తరుగుతున్నాయి. అమ్మాయి 'మళ్లీ పంపండి' నొక్కింది. యానాంలో ఉన్న ఆ పెద్దాయన కళ్లజోడు దొరికించుకుని, గొంతు సవరించుకుని, ఆరంకెలూ ఒత్తి ఒత్తి పలికారు. అది మొదట వచ్చిన ఓటీపీ. చెల్లదు. రెండోది వెతికి చదివేసరికి దాని గడువు అయిపోయింది. మూడోసారి నొక్కితే కాసేపు ఆగి ప్రయత్నించమంది యాప్. ఆ కాసేపట్లో గుండె డాక్టరు గారి పొద్దుటి సమయాలన్నీ నిండిపోయాయి.

"అయిందా అమ్మా?" అన్నారాయన అవతలి నుంచి.

"సాయంత్రం చూద్దాంలే నాన్నా. నువ్వు ఫోన్ దగ్గరెట్టుకో."

జబ్బు యానాంలో ఉంది, ఫోన్ నంబరూ యానాంలోనే ఉంది. యాప్ నడిపే వేళ్లు మాత్రం పిళ్ళైచావడిలో ఉన్నాయి. ఈ మూడూ ఒకే మనిషివి అనుకుని తయారైన వ్యవస్థ ముందు తండ్రీకూతుళ్లిద్దరూ పొద్దున్నే ఓడిపోయారు. ఇలాంటి సంభాషణ మీ ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో జరిగే ఉంటుంది. బెంగళూరు నుంచి కడపకో, డాలస్ నుంచి తెనాలికో.

యానాం పిల్లలకు పిళ్ళైచావడి ఎందుకు?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకచోట ఉండదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరంలో, మాహే కేరళ పక్కన, యానాం మన కాకినాడ దాపున. ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన ముక్కలివి. తెలుగు మాట్లాడే యానాం నుంచి రాజధానికి దాదాపు 870 కిలోమీటర్లు. సర్టిఫికెట్ల దగ్గర నుంచి సీట్ల దాకా అక్కడి జనం ఇటువైపే చూడాలి.

నగరానికి ఉత్తరాన ఉన్న పిళ్ళైచావడి నిజానికి మత్స్యకారుల ఊరు. సముద్రపు కోతకు ఇళ్లు పోగొట్టుకుంటూ, రాళ్లు వేయించండి మహాప్రభో అని మొరపెట్టుకుంటున్న తీరం. అయితే 1980ల్లో ఇక్కడికి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. అదే 2020లో పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయమైంది. పక్కనే కాలాపేట్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ, ఇంకాస్త పైకి వెళ్తే ఒక వైద్య కళాశాల. దాంతో చేపల వాసన, సాంబారు వాసన కలిసిన ఈ సందుల్లో తెలుగు మాట కూడా వినిపిస్తుంటుంది. యానాం పిల్లలు ఇక్కడ చదువుతారు. వాళ్ల అమ్మానాన్నల మోకాళ్లు, బీపీలు, షుగర్లు అక్కడ ఉంటాయి.

వైద్యం మాటకొస్తే పుదుచ్చేరిది పాత పేరు. ఫ్రెంచివాళ్లు 1823లో పెట్టిన వైద్య పాఠశాలను జిప్మర్ తన మూలంగా చెప్పుకుంటుంది. గోరిమేడులోని ఆ ఆసుపత్రికి తమిళ జిల్లాల నుంచీ మన సరిహద్దు ఊళ్ల నుంచీ రోగులు వస్తూనే ఉంటారు. యానాంలో జిప్మర్ బహుళ ప్రత్యేక వైద్య విభాగం 90 పడకలతో 2024 ఫిబ్రవరి 25న మొదలైంది. రాజ్‌కోట్ నుంచి ప్రధాని దాన్ని ప్రారంభించారు. అప్పటినుంచి యానాం వాళ్లకు కొంత దూరం తగ్గింది. ఫోన్‌లో పని మాత్రం తగ్గలేదు.

ఇంకో సంగతి. పౌరులకు డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్న ఆలోచనను కేంద్రం 2020 ఆగస్టు 15న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో. వాటిలో పుదుచ్చేరి ఒకటి. మరుసటి ఏడాది సెప్టెంబరు 27న అది ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతా వచ్చింది. ఇప్పుడు మనం 'ఆభా' అంటున్న 14 అంకెల నంబరు అదే. అంటే ఈ ఓటీపీ గొడవను మనకంటే ముందు రుచి చూసిన ప్రాంతాల్లో ఇదొకటి.

నంబరు నడిసముద్రంలో ఉంటే

చదువుకున్న కూతురున్న ఇంట్లోనే ఇంత తంటా అయితే, కింది ఇళ్ల సంగతి చూడండి. జాలరి ఇళ్లలో చాలాచోట్ల ఆధార్‌కు కలిపిన నంబరు మగమనిషిదే. అతను తెల్లవారకముందే పడవెక్కుతాడు. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పలచబడుతుంది. ఇంట్లో ముసలి తల్లికి ఆయాసం పెరిగి, కోడలు ఆసుపత్రికి బయల్దేరితే ఆ కార్డు తాలూకు ఓటీపీ ఎక్కడికి పోతుంది? సముద్రం మీదికి. పడవ ఒడ్డుకు చేరాక అతని ఫోను టింగుమంటుంది. అప్పటికి ఆ అంకెలతో పనుండదు.

తుపాను రోజుల్లో ఇది ఊరందరి సమస్య. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన. వీధులు మునిగాయి, కరెంటు పోయింది. ఛార్జింగ్ లేని ఫోన్‌లో ఎంత గొప్ప హెల్త్ రికార్డున్నా ఉపయోగం లేదు. వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అలమారాలో ఉంచుకున్న పాతకాలపు మనుషులే అలాంటి రోజు తెలివైనవాళ్లు.

సొంత నంబరున్న పెద్దవాళ్లదీ సుఖమేం కాదు. రీఛార్జ్ చేయించడం మర్చిపోయి 90 రోజులు సిమ్ వాడకపోతే కంపెనీ దాన్ని తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆధార్‌లో మాత్రం పాత నంబరే ఉండిపోతుంది. అమ్మ ఆసుపత్రి ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కు పోతుందన్నమాట. పెద్దవాళ్లకు మంచి ఫోన్ కొనిపెట్టే పిల్లలు, ఆ పాత చిన్న ఫోన్‌లోని సిమ్‌కు రీఛార్జ్ చేయించడం దగ్గరే తప్పటడుగు వేస్తుంటారు.

కొవిన్ నేర్పిన విద్య

ఇంకొకరి తరఫున ఆరోగ్య పని ఆన్‌లైన్‌లో చేయడం తెలుగు ఇళ్లు మూకుమ్మడిగా నేర్చుకున్నది 2021లో. కొవిడ్ టీకా కోసం, కొవిన్ పోర్టల్లో. ఆ ఏడాది మే నెల గుర్తుందా? స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తెరిచిన నిమిషాల్లో అయిపోయేవి. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా ఇక్కడి ఊరి పిన్‌కోడ్ కొట్టి, పట్టపగలు ఆఫీసు పనిలో ఉన్నట్టు నటిస్తూ అమ్మానాన్నలకు టీకా వెతికారు.

ఎన్ని తిట్లు తిన్నా, కొవిన్‌లో ఒక మంచి గుణం ఉంది. ఒక మొబైల్ నంబరు మీద మొదట నలుగురిని, 2022 జనవరి నుంచి ఆరుగురిని నమోదు చేసుకోనిచ్చింది. నంబరు ఎవరిదైనా టీకా ఎవరికో వాళ్ల పేరు విడిగా ఉండేది. మన ఇళ్లలో ఫోను ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అయి ఉంటుందని అది గుర్తించింది. ఫోనూ, ఇంగ్లిషూ, చేసిపెట్టే మనిషీ లేనివాళ్ల గతేమిటని సుప్రీంకోర్టు కూడా అదే మే నెలలో ప్రభుత్వాన్ని అడిగింది. ఆ ప్రశ్న టీకాలతో పాటే ముగిసిపోలేదు.

▣ అరగొండ నుంచి ఈ-సంజీవని దాకా

● దూరవైద్యంలో తెలుగు నేల ముందునుంచీ ఉంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో పెట్టిన గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ నుంచి ప్రారంభించారు.

● ఈ-సంజీవనిని 2019 నవంబరులో దేశంలో అందరికంటే ముందు అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఊళ్లో ఆరోగ్య కేంద్రం సిబ్బంది పక్కనుండి పెద్ద డాక్టరుతో మాట్లాడించే పద్ధతి ఇది.

● ఇంటి నుంచే మాట్లాడే ఈ-సంజీవని ఓపీడీ లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ 13న మొదలైంది. 2023 ఫిబ్రవరికల్లా మొత్తం సంప్రదింపులు 10 కోట్లు దాటాయి.

చట్టంలో చోటుంది, యాప్‌లో లేదు

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అమ్మ తరఫున కొడుకు డాక్టరుతో మాట్లాడటం మన దేశంలో నియమాలకు విరుద్ధం కాదు. లాక్‌డౌన్ మొదటి రోజే, 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. భారత వైద్య మండలి పాలకవర్గం నీతి ఆయోగ్‌తో కలిసి తయారుచేసినవి. వాటిలో కేర్‌గివర్ అనే మనిషికి చక్కగా చోటిచ్చారు. కుటుంబ సభ్యులే కానక్కర్లేదు, రోగి అధికారం ఇచ్చిన ఎవరైనా కావచ్చు. రోగి పక్కన లేనప్పుడు కూడా కొన్ని షరతుల మీద డాక్టరుతో మాట్లాడొచ్చు.

ఒక మెలిక ఉంది. రోగే స్వయంగా డాక్టరుకు ఫోన్ చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. వేరేవాళ్లు మొదలుపెడితే మాత్రం రోగి స్పష్టంగా సమ్మతి చెప్పాలి. మెయిల్‌లో గానీ, మెసేజ్‌లో గానీ, ఆడియో, వీడియోలో గానీ. డాక్టరు దాన్ని రికార్డులో పెట్టుకోవాలి. ఎన్ని ఇళ్లలో జరుగుతోంది ఈ పని? నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కడా లేదు. కొడుకు అమ్మ ఖాతాలోకి అమ్మలాగా ప్రవేశిస్తాడు. 'పేషెంట్ పేరు' దగ్గర అమ్మ పేరు, కెమెరా ముందు ఇతను. డాక్టరు గారు ఒక్క క్షణం తికమకపడి, "మీరు వాళ్ల అబ్బాయా?" అని సాగిపోతారు. పాపం ఆయనకూ తర్వాతి కాల్ ఉంది.

రైలు టికెట్ చూడండి. కొనేవాడి ఖాతా వేరు, ప్రయాణించే మనిషి పేరు వేరు. కొన్నందుకు కొన్నవాడిని ఎవరూ ప్రయాణికుడనుకోరు. కొన్ని ఆరోగ్య యాప్‌లలో 'కుటుంబ సభ్యులను చేర్చండి' అనే మీట ఉంటుంది, నిజమే. కానీ అది పేరు చేర్చుకోవడానికే. ఆ సభ్యురాలికి చెప్పి చేర్చారా, ఆమె ఏవేవి చూడనిచ్చింది, రేపు వద్దంటే ఎలా తీసేయాలి, ఈ ప్రశ్నలు ఎక్కువ చోట్ల లేవు. అందుకే మన జనం తేలికదారి పట్టారు. పాస్‌వర్డ్ ఇచ్చేయడం, ఓటీపీ చదివేయడం.

ఓటీపీ చదివితే అంగీకరించినట్టే కదా అంటారు. కాదని నా అభిప్రాయం. పొద్దున్నే యానాంలో ఆ పెద్దాయన ఆరంకెలు చదివింది కూతురు అడిగింది కాబట్టి. ఆ అంకెలతో తన పాత స్కానింగులన్నీ తెరుచుకుంటాయా, కేవలం అపాయింట్‌మెంటేనా ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు. ఆమెకూ తెలియదు.

▣ రోగి పక్కన లేకుండా మీరు మాట్లాడొచ్చా?

● రోగి 16 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలైతే.

● మతిమరుపు వ్యాధి, శారీరక వైకల్యం లాంటి వాటి వల్ల మాట్లాడలేని స్థితిలో ఉంటే.

● మీకు రాతపూర్వక అధికారం ఉన్నా, రోగితో మీ సంబంధాన్ని చూపే పత్రం ఉన్నా, ఇంతకుముందు ఆసుపత్రికి వెళ్లినప్పుడు రోగే మిమ్మల్ని డాక్టరుకు చూపించి ఒప్పుకుని ఉన్నా.

● వీడియోలో చూసినా, ఎవరు మాట్లాడినా మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి, షెడ్యూల్ ఎక్స్ మందులు దూరవైద్యంలో రాయకూడదని ఈ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

● చీటీని డాక్టరు నేరుగా మందుల షాపుకు పంపాలంటే రోగి స్పష్టంగా ఒప్పుకోవాలి. ఏ షాపన్నది రోగి ఇష్టం.

రిపోర్టు ముందు ఎవరికి?

పూర్వం రిపోర్టు కాగితం రూపంలో వచ్చేది. డాక్టరు దాన్ని చూసి, కళ్లద్దాలు తీసి, ఇంట్లోవాళ్లను ఒకసారి బయటికి పిలిచి చెప్పేవారు. మంచో చెడో, చెప్పే పని డాక్టరుదే. ఇప్పుడు పరీక్ష బుక్ చేసిన నంబరుకు రిపోర్టు వస్తుంది. ఏ రాత్రి పదకొండింటికో వాట్సాప్‌లో పీడీఎఫ్. తెరిచి చూస్తే ఎర్ర రంగులో కొన్ని అంకెలు. చివర్లో బయాప్సీ అభిప్రాయం అని రెండు ఇంగ్లిషు వాక్యాలు.

ఆ రాత్రి ఆ కొడుకు గతేమిటి? అమ్మ ఊళ్లో నిద్రపోతోంది. విషయం ఆమె కంటే ముందు ఇతనికి తెలిసింది. డాక్టరుకంటే కూడా ముందేనేమో. ఇంటర్నెట్‌లో వెతుకుతాడు, భయపడతాడు, తమ్ముడికి పంపుతాడు. తెల్లారేసరికి కుటుంబ గ్రూపులో అందరికీ తెలుస్తుంది, ఒక్క అమ్మకు తప్ప. "అమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు" అన్న తీర్మానం కూడా అయిపోతుంది.

పెద్దవాళ్లకు పెద్ద జబ్బు పేరు చెప్పకపోవడం మన ఇళ్లలో కొత్త కాదు. 'చిన్న గడ్డే, తీసేస్తారు' అని అబద్ధమాడిన ప్రేమలు ఎన్నో చూశాం. అయితే అప్పుడు డాక్టరు గదిలో కూర్చున్న మనిషికి అనుమానమన్నా వచ్చేది, డాక్టరు మొహం చూసి గ్రహించేది. ఇప్పుడు ఆమె చేతికి ఏదీ రాదు. అన్నీ పిల్లల ఫోన్‌లో. చెప్పాలా వద్దా అన్నది ఇంటింటి సంగతి, బయటివాళ్లం తీర్పు చెప్పలేం. కానీ చెప్పమని ఆమె అడిగితే చూపించడానికి ఆమె రిపోర్టు ఆమె ఫోన్‌కూ రావాలి కదా.

అమెరికాలో ఈ సమస్య ఇంకో వైపు నుంచి తగిలింది. 2021 ఏప్రిల్ నుంచి అక్కడి నియమాల ప్రకారం పరీక్ష ఫలితాలను ఆలస్యం చేయకుండా రోగికి ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచాలి. దాచడానికి వీల్లేదు. మంచిదే. కానీ డాక్టరు ఫోన్ చేసేలోపే రోగులు క్యాన్సర్ అన్న మాటను తెర మీద చదువుకుంటున్నారని అక్కడి డాక్టర్లే వాపోతున్నారు.

స్పీకర్‌లో పెట్టిన అమ్మ

కొడుకు ఫోన్ పట్టుకుని, స్పీకర్ ఆన్ చేసి, "చెప్పమ్మా, డాక్టర్ గారు అడుగుతున్నారు" అంటాడు. వెనకాల కోడలుంది, మనవడు బొమ్మల ప్రోగ్రాం చూస్తున్నాడు. అమ్మ ఏం చెబుతుంది? "ఏం లేదండీ, కాళ్లనొప్పులే" అంటుంది.

ఆమె అసలు బాధ అది కాకపోవచ్చు. దగ్గినప్పుడల్లా మూత్రం పడిపోతుండటం, కింద మంట, రొమ్ములో తగిలిన గడ్డ, రాత్రంతా పట్టని నిద్ర, చచ్చిపోతే బాగుండనిపించే ఆలోచన. ఇవి కొడుకు ముందు ఎలా చెబుతుంది? ఆసుపత్రికి వెళ్తే కనీసం "మీరు బయట కూర్చోండి బాబూ" అని నర్సమ్మ అంటుంది. ఫోన్‌లో బయటికి పంపడం ఎవరికీ గుర్తుండదు. వీడియో సంప్రదింపు వల్ల దారి ఖర్చు, పని దినం కలిసొస్తాయి గానీ, ఆడవాళ్లకు ఈ చాటు పోయింది.

డాక్టర్లకు ఇది తెలియదని కాదు. కొందరు, "ఒక్కసారి ఫోన్ ఆవిడ చేతికిచ్చి స్పీకర్ తీసెయ్యండి" అంటారు. ఆ ఒక్క మాట అడిగే డాక్టరు దొరికితే వదులుకోకండి.

పెళ్లయిన అమ్మాయిలదీ ఇదే బాధ. ఆసుపత్రిలో నమోదైన నంబరు భర్తది, లేదా అత్తింటిది. గర్భం, గర్భస్రావం, గర్భనిరోధకం, మానసిక చికిత్స, ఏదైనా సరే, సందేశం పోయేది ఆ నంబరుకే. ఆమెకు తెలిసేసరికి ఇల్లంతటికీ తెలుస్తుంది.

ఆగని మందుల డబ్బా

పిల్లలు బాగా చేశామనుకుని మోసపోయే చోటు ఒకటుంది. నెలనెలా మందులు ఇంటికి వచ్చేలా ఆన్‌లైన్‌లో పెట్టేయడం. ఒక్కసారి చీటీ అప్‌లోడ్ చేసి, చిరునామా ఇచ్చి, డబ్బు కట్టే ఏర్పాటు చేస్తే నిశ్చింత.

ఇలా జరిగిందనుకోండి. నాన్నకు షుగర్ బాగా తగ్గుతోందని ఊళ్లో డాక్టరు గ్లిమెపిరైడ్ మాత్రను రెండు మిల్లీగ్రాముల నుంచి ఒకటికి తగ్గించారు. నాన్న ఆ చీటీని జేబులో పెట్టుకున్నారు, ఊళ్లో షాపులో కొత్త పట్టీ కొన్నారు. కొడుక్కి చెప్పలేదు, "వాడికెందుకు, పనిలో ఉంటాడు" అని. పై వారం పాత రెండు మిల్లీగ్రాముల డబ్బా యథాప్రకారం గుమ్మం ముందు దిగింది. "అబ్బాయి పంపాడు" అని ఆయన అదీ వేసుకున్నారు. పెద్ద వయసులో చక్కెర పడిపోతే చెమటలు, తూలుడు, స్పృహ తప్పడం దాకా పోతుంది.

బీపీ మాత్రలతో ఇంకో చిక్కు. టెల్మిసార్టన్ ఒక్కటే, పట్టీ మీది పేర్లు ఎన్నో. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీది, ఊళ్లో ఇంకో కంపెనీది. రంగు వేరు, పేరు వేరు కాబట్టి రెండూ వేరే మందులని రెండూ మింగేవాళ్లున్నారు. దీనికి మందు సులువు. వారానికోసారి వీడియో కాల్ చేసినప్పుడు "బాగున్నావా" తర్వాత "మాత్రల డబ్బా తెచ్చి ఒక్కో పట్టీ వెనక్కి తిప్పి చూపించు" అనండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది అసలు మందు పేరు. విసుక్కుంటారు, చూపిస్తారు.

జిరాక్సు షాపు నోటు పుస్తకం

పిల్లలు దగ్గర్లేని ఇళ్లకు ఆ పిల్లల స్థానంలో ఉన్నది జిరాక్సు షాపు. పుదుచ్చేరి వైపు బ్రౌజింగ్ సెంటర్ అంటారు, మన దగ్గర మీసేవ పక్కన ఉండేది. ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఆభా కార్డు, 70 ఏళ్లు దాటినవాళ్లకు 2024 అక్టోబరులో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు, అన్నీ అక్కడే. యాభయ్యో వందో ఇస్తే అతనే ఖాతా తెరిచి, అతనే పాస్‌వర్డ్ పెట్టి, కార్డు ప్రింట్ తీసి లామినేషన్ చేసి ఇస్తాడు. పాస్‌వర్డ్ పెద్దాయన మర్చిపోతాడని తన దగ్గరే రాసుకుంటాడు. ముడతలు పడ్డ లాంగ్ నోటు పుస్తకంలో వరసగా పేర్లు, ఆధార్ నంబర్లు, పాస్‌వర్డులు. చాలావాటికి ఒకటే పాస్‌వర్డ్, షాపు పేరు, చివర 123.

ఆ కుర్రాడిని దొంగ అనడం అన్యాయం. ప్రభుత్వం మనిషిని పెట్టని చోట అతను మనిషిగా నిలబడ్డాడు. కానీ ఆ పుస్తకం పోతే?

నిజమైన దొంగలు వేరే ఉన్నారు. తండ్రికి అర్జంటుగా అపాయింట్‌మెంట్ కావాలని ఇంటర్నెట్‌లో ఆసుపత్రి నంబరు వెతికితే, మోసగాళ్లు పెట్టిన నంబరు తగులుతుంది. "రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు కట్టండి, లింక్ పంపుతున్నాం" అంటారు. పది రూపాయలే కదా అని నొక్కితే ఖాతా ఖాళీ. కంగారులో ఉన్నవాళ్లే వాళ్ల గురి.

▣ అర్జంటుకు గుర్తుంచుకోండి

● ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

● ఇంట్లో ఎవరి మానసిక స్థితి గురించైనా భయంగా ఉంటే టెలీ మానస్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ తెలుగులోనూ ఉంది. రోగే చేయక్కర్లేదు, చూసుకునేవాళ్లూ చేయొచ్చు.

● ఆసుపత్రి నంబరును పాత బిల్లు మీదో, ఓపీ చీటీ మీదో చూసుకోండి.

అక్కడ ప్రాక్సీ అంటే దొంగహాజరు కాదు

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవల యాప్ ద్వారా ఒకరి తరఫున ఇంకొకరు పని చేయాలంటే ముందు స్థానిక డాక్టరు ఆఫీసులో అనుమతి తీసుకుంటారు. వాళ్లు ఇద్దరి గుర్తింపూ చూస్తారు. అందులో నాకు నచ్చింది మెట్లు. అపాయింట్‌మెంట్లు పెట్టడం వరకే ఇవ్వొచ్చు, మందులు తెప్పించడం వరకే ఇవ్వొచ్చు, రికార్డు చూడనివ్వకపోవచ్చు. చూసుకునేవాళ్లు తమ పేరుతోనే లోపలికి వెళ్తారు. ఎవరు ఏం చేశారో రాసి ఉంటుంది.

అమెరికా ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే మైచార్ట్‌లోనూ ప్రాక్సీ ఖాతా ఉంటుంది. పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక తల్లిదండ్రులకు కనిపించేది చాలాచోట్ల తగ్గిపోతుంది. మన తెలుగు తల్లులకు మొదట ఇది మింగుడు పడదు, "నా కూతురి రిపోర్టు నాకు చూపించరా!" అని. ఇక అక్కడ కూడా అందరూ పద్ధతిగా ఫారం నింపేస్తారనుకోకండి. పాస్‌వర్డ్ చెప్పేసి చేతులు దులుపుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఆన్‌లైన్ కొడుకు, ఆటో ఎక్కించే కూతురు

ఈ పని ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. దూరంలో ఉన్నవాడు యాప్‌లో డబ్బు కడతాడు, బుక్ చేస్తాడు, రిపోర్టు చదివి గ్రూపులో సలహాలిస్తాడు. దగ్గరున్న ఆడపిల్ల అమ్మను లేపి, పరగడుపున ఆటో ఎక్కించి, వరసలో నిలబడి, మెట్లు దింపి తీసుకొస్తుంది. బంధువుల్లో పేరు మాత్రం "అన్నీ అబ్బాయే చూసుకుంటాడు, అమెరికా నుంచే!" అని. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు ఆగిపోవడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

పిళ్ళైచావడి గదిలోని అమ్మాయిలాంటి వాళ్లది ఇంకో రకం భారం. ఇరవై ఏళ్లకే ఇంటిల్లిపాదికీ ఆరోగ్య గుమాస్తా. సెమిస్టర్ పరీక్షల మధ్య మేనత్త ఎమ్మారై రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. "నువ్వు చదువుకున్నదానివి కదే, ఏముందో చూడు" అని. ఆమె చదివింది కంప్యూటర్ సైన్సు.

పేరు ముందే రాసిపెడితే

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో పెద్దగా చర్చకు రాని ఒక సెక్షన్ ఉంది, పద్నాలుగోది. మనం చనిపోయినా, తెలివి తప్పి మన పని మనం చేసుకోలేని స్థితి వచ్చినా, మన సమాచారం మీద మన హక్కులను ఎవరు వాడాలో ముందుగా ఒక పేరు చెప్పుకునే హక్కు ఇచ్చింది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నట్టే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆభా నంబరు తెచ్చిన డిజిటల్ హెల్త్ మిషన్ 2020 డిసెంబరు నాటి విధానపత్రం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే, తన తరఫున ఎవరు నిర్ణయించాలో మనిషి ముందే రాసి ఇవ్వొచ్చంది.

ఇవన్నీ స్పృహ తప్పిన తర్వాతి మాట. అన్నీ తెలుస్తూ, వేళ్లు మాత్రం తెర మీద వణికే పెద్దవాళ్ల సంగతి ఈ చట్టాలకు పట్టలేదు. వాళ్లే ఎక్కువమంది. వాళ్లకు కావాల్సింది 'నా కూతురికి అపాయింట్‌మెంట్ వరకు ఇస్తున్నాను, రిపోర్టు నాకే పంపండి' అని ఒక్కసారి చెప్పి, తర్వాత మార్చుకోగలిగిన వీలు. ఆ మీట యాప్‌లు తయారుచేసేవాళ్లు పెట్టాలి, పెట్టమని ఆసుపత్రులు అడగాలి.

అది వచ్చేదాకా టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒప్పుకున్న పని ఒకటి మన చేతిలోనే ఉంది. ఆడియో సమ్మతి. పెద్దవాళ్ల చేత వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే చెప్పించి, డాక్టరుకు పంపి, రికార్డులో పెట్టుకోమనడం. గోదావరి జిల్లాల వైపైతే ఇంచుమించు ఇలా ఉంటుంది: "డాక్టరు గారండీ, నా మందుల సంగతి మా అమ్మాయి మీతో మాట్లాడుద్దండి. అదేదడిగినా చెప్పండి. ఆపరేషనో మరోటో అయితే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యాలండి. పొద్దున్న తొమ్మిది దాటాక చెయ్యండి, అంతకుముందు కళ్లజోడు కనపడదు."